ఎటిమాన్‌లైన్ రివ్యూ: 'డెడ్‌లైన్' అని కొట్టి చూడండి

ఇంగ్లీషు మాటల పుట్టుక చెప్పే సైట్లు, యాప్‌లు, యూట్యూబ్ ఛానళ్లు లెక్కలేనన్ని ఉన్నాయి. ఎవరైనా అడిగితే నేను చెప్పే పేరు మాత్రం ఎటిమాన్‌లైన్. పూర్తి పేరు ఆన్‌లైన్ ఎటిమాలజీ డిక్షనరీ. డబ్బు కట్టక్కర్లేదు, ఖాతా తెరవక్కర్లేదు, మాట కొడితే చాలు అది ఏ శతాబ్దంలో ఏ భాష నుంచి వచ్చింది, అప్పుడు దాని అర్థం ఏమిటి, తర్వాత ఎటు తిరిగింది అన్నీ వచ్చేస్తాయి. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం లాంకాస్టర్‌కు చెందిన డగ్లస్ హార్పర్ అనే ఆయన 2000ల మొదట్లో దీన్ని మొదలుపెట్టారు. ఆయన పత్రికల్లో పనిచేసిన మనిషి, చరిత్ర అంటే ఇష్టం ఉన్నవాడు. వెనక ఏ యూనివర్సిటీ లేకుండా ఒక మనిషి మొదలుపెట్టిన పని ఇన్ని వేల మాటల దాకా పెరిగి, ఇంకా సవరణలు జరుగుతూనే ఉందంటే నాకు నిజంగా గౌరవం కలుగుతుంది. కొత్తగా పరిశోధన చేసి రాశానని కూడా ఆయన ఎక్కడా చెప్పుకోరు. ఆక్స్‌ఫర్డ్, బార్న్‌హార్ట్, క్లైన్, వీక్లీ లాంటి పెద్ద నిఘంటువులను పక్కపక్కన పెట్టుకుని, వాటిలో ఉన్నదాన్ని మామూలు పాఠకుడికి అందేలా కూర్చానని సైట్లోనే రాసి ఉంటుంది.

అసలు విషయానికొస్తే, ఈ సైట్ బాగుందో లేదో తేల్చుకోవడానికి అందరూ రోజూ వాడే జంటమాట ఒకటి పెట్టి చూడటం మంచిది. నేను పెట్టేది డెడ్‌లైన్. మన దగ్గర సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి కాలేజీ నోటీసు బోర్డు దాకా 'గడువు' కంటే ఇదే ఎక్కువ వినిపిస్తుంది. ఫీజుకి డెడ్‌లైన్, ప్రాజెక్టుకి డెడ్‌లైన్, ఐటీ రిటర్నులకి డెడ్‌లైన్, పేజీ ప్రెస్‌కి పంపడానికి డెడ్‌లైన్. డెడ్ అంటే చచ్చిన, లైన్ అంటే గీత. రెండు మాటలూ తెలుసు, కలిపితే వచ్చే అర్థమూ తెలుసు, కానీ చచ్చిన గీతకీ ఆఖరు తేదీకీ సంబంధం ఏమిటని అడిగితే మాత్రం ఎవరి దగ్గరా జవాబు ఉండదు.

ఎటిమాన్‌లైన్ చెప్పేది ఇది. ఆఖరు గడువు అనే అర్థంలో ఈ మాట 1920 నాటి అమెరికన్ పత్రికా ఆఫీసుల పరిభాష. అంతకు ముందు 1864లో, అమెరికా అంతర్యుద్ధం నాటి జైళ్లలో, ఖైదీలు దాటకూడని గీతకి ఇదే పేరు ఉండేది. ఆ వాడుక ప్రభావం ఈ అర్థం మీద 'బహుశా' ఉండొచ్చు. ఇంత చెప్పి, కింద అలాంటి ఒక జైలు అధికారి హెన్రీ విర్జ్ మీద పెట్టిన అభియోగపత్రం నుంచి ఒక ముక్క ఇస్తుంది.

ఆ ముక్క చదివాక మాట మీద కుతూహలం పక్కకి పోయి మనుషుల గురించి ఆలోచన మొదలవుతుంది. జార్జియా రాష్ట్రంలో ఆండర్సన్‌విల్ అనే చోట దక్షిణ రాష్ట్రాల సైన్యం 1864 ఫిబ్రవరిలో ఒక బందీల శిబిరం తెరిచింది. ఉత్తరాది సైనికులను పట్టుకొచ్చి అందులో పడేసేవాళ్లు. దుంగలు నిలువుగా పాతి కట్టిన ప్రహరీ, లోపల పైకప్పు లేని బయలు, మధ్యలో ఒక మురికి వాగు. పధ్నాలుగు నెలల్లో దాదాపు 45,000 మందిని అక్కడ ఉంచితే 13,000 మంది దాకా చనిపోయారు. ఆకలి, విరేచనాలు, స్కర్వీ. ప్రహరీకి లోపలి వైపు సుమారు ఇరవై అడుగుల దూరంలో ఒక కంచెలాంటిది ఉండేది, గుంజలు పాతి వాటి మీద సన్నని చెక్క కొట్టినది. దాన్ని ముట్టుకున్నా, దాని మీద పడ్డా, కింద నుంచి చెయ్యి చాపినా పైన కాపలా ఉన్నవాడు కాల్చేయాలని ఉత్తర్వు. ఆ కంచె పేరే డెడ్ లైన్. వాగులో కాస్త శుభ్రమైన నీళ్లు అందుకోబోయి ఆ గీత దగ్గర తూటాకి బలైనవాళ్ల గురించి బతికి బయటపడ్డ ఖైదీలు తర్వాత రాశారు. యుద్ధం ముగిశాక శిబిరం అధికారి విర్జ్‌ని మిలిటరీ కోర్టులో విచారించి 1865 నవంబరు 10న వాషింగ్టన్‌లో ఉరితీశారు.

అభియోగపత్రంలో ఒక మాట ఉంది: ఆ గీత చాలా చోట్ల ఊహలో మాత్రమే ఉన్న గీత, మిగతా చోట్ల కదిలిపోయే గుంజల మీద ఊగే చెక్కలతో గుర్తు పెట్టినది. అంటే గీత ఎక్కడుందో కూడా తెలియని మనిషిని గీత దాటావని కాల్చేవాళ్లు. ఇంత ముఖ్యమైన ఆధారాన్ని ఒక ఉచిత నిఘంటువు తన ఎంట్రీలో చిన్న అక్షరాలతో పెట్టి ఊరుకుంది. పెద్దగా హడావుడి చేయలేదు, చదువుకునేవాడు చదువుకుంటాడని వదిలేసింది. ఈ సైట్ మీద నాకున్న మొదటి ఇష్టం అదే.

రెండో ఇష్టం, ఇంకా పెద్దది, ఆ 'బహుశా'. 1864 నాటి జైలు గీతకీ 1920 నాటి పత్రికా గడువుకీ మధ్య యాభై ఏళ్లకి పైగా ఎడం ఉంది. ఆ మధ్యలో ప్రింటింగ్ ప్రెస్ వాళ్లు కూడా డెడ్‌లైన్ అనేవాళ్లు. అచ్చు యంత్రం పళ్లెం మీద ఒక హద్దు గీత ఉండేది, దాని అవతల పడిన అక్షరాలు సరిగ్గా అచ్చు పడవు. పత్రికా ఆఫీసులో పుట్టిన అర్థం జైలు నుంచి వచ్చిందా, అచ్చు యంత్రం నుంచి వచ్చిందా, రెండూ కలిశాయా, లేక 'దాటితే పని అయిపోయింది' అనే భావంతో ఎవరో కొత్తగా అన్నారా? ఈ లంకెని ఖాయం చేసే కాగితం లేదు కాబట్టి ఎటిమాన్‌లైన్ ఖాయం చేయలేదు. ఇదే కథని వాట్సాప్‌లోనో లింక్డిన్‌లోనో చదివి చూడండి, "మీరు రోజూ వాడే డెడ్‌లైన్ జైల్లో ఖైదీలను చంపే గీత నుంచి వచ్చింది" అని అడ్డంగా చెప్పేస్తారు, ఆ వెంటనే ఆ మాట ఇక వాడొద్దని ఉపదేశం కూడా ఉంటుంది. మాట పుట్టుక వేరు, ఇవాళ్టి అర్థం వేరు అని హార్పర్ తన సైట్ ముందుమాటలోనే చెప్పారు: ఇవి నిర్వచనాలు కావు, ఆరు వందల ఏళ్ల కిందటో రెండు వేల ఏళ్ల కిందటో ఆ మాటలు ఎలా ఉండేవో చెప్పే వివరణలు మాత్రమే అని.

ఈ అలవాటు మనకి ఎందుకు అవసరమో చెప్పాలంటే స్కూలు రోజులు గుర్తుచేసుకుంటే చాలు. న్యూస్ అంటే నార్త్, ఈస్ట్, వెస్ట్, సౌత్, నాలుగు దిక్కుల నుంచి వచ్చే కబురు కాబట్టి ఆ పేరు వచ్చింది అని ఎంతమంది ఎంత నమ్మకంగా చెప్పారో! క్విజ్ పుస్తకాల్లో కూడా ఉంటుంది. నిజానికి న్యూ అనే మాటకి బహువచనం అది, కొత్తవి, కొత్త సంగతులు అని, ఫ్రెంచిలో లాటిన్‌లో ఉన్న అలాంటి మాటల ఒరవడిలో ఇంగ్లీషులోకి వచ్చింది. గోల్ఫ్ అంటే 'జెంటిల్‌మెన్ ఓన్లీ, లేడీస్ ఫర్బిడెన్' అని ఇంకొకటి తిరుగుతూ ఉంటుంది. ఆ ఆటని నిషేధిస్తూ 1457లోనే స్కాట్లాండ్‌లో చట్టం చేశారు, మాటేమో కర్ర అనే అర్థం ఉన్న పాత డచ్చి మాటకి దగ్గరది కావచ్చని పండితుల అంచనా. ఇంగ్లీషులో మొదటి అక్షరాలు కలిపి మాట చేసే అలవాటు 20వ శతాబ్దానికి ముందు చాలా అరుదు, కాబట్టి పాత మాటకి ఇలాంటి పొడి అక్షరాల కథ ఎవరైనా చెబితే ముందు అనుమానించాలి. పిల్లలకి ఈ ఒక్క సూత్రం నేర్పినా సగం తప్పుడు కథలు ఆగిపోతాయి.

జంటమాటలకి ఈ సైట్ అసలు బలం వేరే చోట ఉంది. పైకి జంటమాటలా కనిపించనివి విడదీసి చూపిస్తుంది, పైకి తేలిగ్గా విడిపోయేవి మనం అనుకున్నట్టు విడిపోవని చూపిస్తుంది. విండో చూడండి, ఒకే మాటలా ఉంది. పాత నార్స్ భాషలో విందౌగ, గాలి కన్ను. వైకింగుల రాకతో ఇంగ్లీషులోకి వచ్చింది. ఇంగ్లీషువాళ్లకి అంతకు ముందున్న సొంత మాటలో కూడా కన్నే ఉంది, కంటి రంధ్రం అని. ఇది చదవగానే తెలుగువాడికి గవాక్షం గుర్తురావాలి. గో, అక్షం. ఎద్దు కన్ను. ఎక్కడి స్కాండినేవియా, ఎక్కడి సంస్కృతం, గోడకి పెట్టిన కంత చూసి ఇద్దరికీ కన్నే తోచింది. సైట్లో గవాక్షం ప్రస్తావన ఉందా లేదా అన్నది నాకు ముఖ్యం కాదు, విండో దగ్గర ఆగిన మనసు గవాక్షం దాకా దానంతట అదే వెళ్లింది, మంచి నిఘంటువు చేయాల్సిన పని అది.

లార్డ్ ఇంకా బాగుంటుంది. పాత ఇంగ్లీషులో హ్లాఫ్‌వేర్డ్, రొట్టె కాపలాదారు. ఇవాళ్టి లోఫ్, అంటే బ్రెడ్ లోఫ్, అదే హ్లాఫ్. లేడీ కూడా ఆ రొట్టె దగ్గరే పుట్టింది, పిండి పిసికే ఆమె అని. ఇంట్లో తిండి ఎవరి చేతిలో ఉంటే వాళ్లే యజమాని, మనం అన్నదాత అనే మాట ఎవరికి వాడతామో ఆలోచిస్తే ఇది వింతగా అనిపించదు.

తర్వాత కబోర్డ్. ఇవాళ బట్టలు, సామాన్లు దాచుకునే తలుపుల పెట్టె. 14వ శతాబ్దంలో తలుపులూ లేవు, దాచుకోవడమూ లేదు, కప్పులు పేర్చి నలుగురికీ చూపించే బల్ల మాత్రమే. కప్, బోర్డ్ కలిసిన మాట కాబట్టి, నోట్లో పలకకపోయినా స్పెల్లింగులో 'పి' ఎందుకుందో ఇక్కడ తెలిసిపోతుంది. బ్రేక్‌ఫాస్ట్‌లో ఫాస్ట్ అంటే వేగం కాదు, ఉపవాసం, రాత్రంతా ఉన్న ఉపవాసం విరమించడం అని చాలామందికి తెలుసు కాబట్టి దాని దగ్గర ఆగను. బ్లాక్‌మెయిల్‌లో మెయిల్‌కి పోస్టుతో ఏ సంబంధమూ లేదు, అది శిస్తు అనే అర్థం ఉన్న పాత మాట. స్కాట్లాండ్ సరిహద్దుల్లో దోపిడీ ముఠాలు రైతుల దగ్గర "మీ పశువుల జోలికి రాము, ఇంత కట్టండి" అని వసూలు చేసిన సొమ్ము పేరు. గుట్టు బయటపెడతానని బెదిరించడం అనే అర్థం 19వ శతాబ్దంలో వచ్చి చేరింది. నైట్‌మేర్‌లో మేర్ ఆడ గుర్రం కాదు, నిద్రపోయేవాళ్ల గుండెల మీద కూర్చుని ఊపిరాడనివ్వని పిశాచి. మన ఊళ్లలో కూడా నిద్రలో కదల్లేకపోతే దయ్యం గుండెల మీద కూర్చుందనే అంటారు కదా, ఆ పిశాచి వాళ్లకీ తెలుసన్నమాట.

నాకు అన్నిటికంటే నచ్చింది హ్యాండ్‌కర్చీఫ్. కర్చీఫ్ అంటే పాత ఫ్రెంచిలో తలని కప్పేది, తలగుడ్డ. దానికి ముందు హ్యాండ్ తగిలించారు, చేతి తలగుడ్డ అయింది. ఇప్పుడు మన చేతిరుమాలు తీసుకోండి. రుమాలు పారశీకం, రూ అంటే ముఖం, మాల్ అంటే తుడిచేది. తెలంగాణలో పెద్దలు తలకి చుట్టుకునే పాగాని కూడా రుమాలే అంటారు. ఇంగ్లీషులో తల గుడ్డ చేతికి దిగింది, మన దగ్గర ముఖం గుడ్డ తలకి ఎక్కింది. ఇలా రెండు భాషల్ని పక్కపక్కన పెట్టి చూసే సుఖం ఇంగ్లీషు ఒక్కటే వచ్చినవాళ్లకి దొరకదు, మనకి దొరుకుతుంది.

తెలుగువాళ్లు తప్పకుండా చూడాల్సిన ఎంట్రీ ఇంకొకటి ఉంది, బ్యాండికూట్. కంప్యూటర్ గేములు ఆడిన పిల్లలకి ఈ పేరు బాగా తెలుసు. ఎంట్రీ తెరిస్తే తెలుగు అని కనిపిస్తుంది, పందికొక్కు అని, పంది ఎలుక అని అర్థం కూడా ఇచ్చి ఉంటుంది. 18వ శతాబ్దంలో ఇక్కడున్న ఇంగ్లీషువాళ్లు మన గాదెల్లో ధాన్యం తవ్వుకుపోయే పందికొక్కుని చూసి ఆ పేరుతోనే పిలిచారు, తర్వాత ఆస్ట్రేలియాలో కనిపించిన వేరే జంతువుకి, పొట్టకి సంచి ఉండే జాతిదానికి, అదే పేరు పెట్టేశారు. తెలుగు జంటమాట ఒకటి అంత దూరం వెళ్లి అక్కడి జంతువుకి సొంత పేరు అయి కూర్చుంది. టీపాయ్ కూడా ఇలాంటిదే, టీ పెట్టుకునే బల్ల కాబట్టి టీపాయ్ అని మనమంతా అనుకుంటాం, అది హిందీ తిపాయి, మూడు కాళ్లది అని. ఇంగ్లీషువాళ్లే దాన్ని టీ అనుకుని స్పెల్లింగు మార్చేశారు, అలా మారిన రూపంలో మన హాల్లోకి తిరిగొచ్చింది.

ఇక లోటుపాట్లు. మొదటిది, ఇది కొత్తవాళ్లకి కాస్త గట్టిగానే ఉంటుంది. '14సి' అని ఉంటే పధ్నాలుగో శతాబ్దం, అంటే 1300 నుంచి 1400 మధ్య అని అర్థం చేసుకోవాలి, చాలామంది 1400లు అనుకుంటారు. మాట ముందు నక్షత్రం గుర్తు (*) ఉంటే అది ఏ రాతలోనూ దొరకని, పండితులు ఊహించి కట్టిన మూలరూపం అని గ్రహించాలి. ఇంకా ముఖ్యంగా, ఎంట్రీలో ఇచ్చే ఏడాది ఆ మాట పుట్టిన ఏడాది కాదు, రాతలో మొదటిసారి దొరికిన ఏడాది. నోటి మీద అది అంతకు ఎంతో ముందే ఉండి ఉండొచ్చు, రేపు ఎవరికైనా ఇంకా పాత కాగితం దొరికితే ఏడాది మారిపోతుంది. ఇది తెలియకుండా "ఈ మాట 1920లో పుట్టింది" అని రాసేస్తే తప్పవుతుంది.

రెండోది, ఉచ్చారణ ఉండదు. విందౌగ లాంటి పాత రూపాల మాట వదిలేయండి, మామూలు మాటలకి కూడా ఎలా పలకాలో వినిపించదు, దానికి వేరే నిఘంటువు తెరుచుకోవాలి. మూడోది, జంటమాటల్లో చాలావాటికి "ఫలానా, ఫలానా కలిసి" అని ఒక్క ముక్కతో సరిపెట్టేస్తుంది, ఆ రెండు ముక్కల మీద విడివిడిగా నొక్కి చదువుకుంటే తప్ప కథ పూర్తి కాదు. ఓపిక ఉన్నవాళ్లకి ఇది ఆనందమే, ఒక లింకు నుంచి ఇంకో లింకుకి పోతూ గంట గడిచిపోతుంది. పరీక్ష ముందు రోజు చూసుకునే పిల్లలకి మాత్రం చిరాకే. పేజీలో ప్రకటనలు ఉంటాయి, ఉచితంగా ఇస్తున్నప్పుడు అది సహజం.

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీతో పోలిస్తే ఎలా ఉంటుందని అడుగుతారు కాబట్టి అదీ చెబుతాను. ఆక్స్‌ఫర్డ్ వేరే స్థాయి. 1884లో మొదటి భాగం వచ్చి 1928కి గానీ పూర్తి కాలేదు, జేమ్స్ ముర్రే సంపాదకుడిగా జీవితమంతా దానికే ఇచ్చి అది పూర్తయ్యేలోపే పోయారు, 1989 నాటి రెండో కూర్పు ఇరవై సంపుటాలు. ప్రతి అర్థానికీ ఏ ఏడాది ఎవరు ఎక్కడ వాడారో అసలు వాక్యాలు వరసగా ఇస్తుంది, ఆ ఆధారాలు ఎటిమాన్‌లైన్‌లో అప్పుడప్పుడే దొరుకుతాయి, డెడ్‌లైన్‌కి దొరికినట్టు. కానీ ఆక్స్‌ఫర్డ్ ఆన్‌లైన్‌లో పూర్తిగా చూడాలంటే చందా కట్టాలి, అది మామూలు ఇంటికి బరువే. మీరు చదివే యూనివర్సిటీ లైబ్రరీకి ఆ చందా ఉందేమో ముందు అడగండి, ఉంటే వదలొద్దు. లేకపోతే ఎటిమాన్‌లైన్ ముందు చూసి, ముఖ్యమైన మాట అయితే మెరియమ్ వెబ్‌స్టర్ ఉచిత సైట్లో ఇంకోసారి సరిచూసుకుంటే రోజువారీ పనికి ధారాళంగా సరిపోతుంది.

ఇంగ్లీషు టీచర్లకి ప్రత్యేకంగా ఒక మాట. జంటమాటల పాఠం వచ్చినప్పుడు సన్‌ఫ్లవర్, రెయిన్‌బో, ఫుట్‌బాల్ అని పట్టిక రాయించి వదిలేయకండి. పిల్లల చేత ముందు అర్థం ఊహించమని చెప్పి, తర్వాత సైట్ తెరిచి చూపించండి. బటర్‌ఫ్లై మంచి మాట, అందులో వెన్న ఎందుకుందో ఎవరికీ ఖాయంగా తెలియదు, సైట్ కూడా రెండు మూడు ఊహలు చెప్పి వదిలేస్తుంది, పెద్దవాళ్లకి కూడా తెలియని ప్రశ్న ఒకటి తమ ముందుందని తెలిస్తే పిల్లల ముఖాలు ఎలా మారతాయో మీరే చూస్తారు. వెనకే సీతాకోకచిలుకని విడదీయమని అడగండి.

ఇలాంటిది తెలుగుకి ఉందా అంటే, ద్రావిడ భాషల మూలాలకి బరో, ఎమెనో కలిసి చేసిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఉంది. 1961లో మొదటి కూర్పు, 1984లో రెండోది. షికాగో యూనివర్సిటీ వాళ్లు దాన్ని ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారు. తెలుగు మాటకి తమిళం, కన్నడం, గోండి, కువి లాంటి భాషల్లో ఉన్న చుట్టాలన్నీ అక్కడ కనిపిస్తాయి. కానీ అది పండితుల కోసం కట్టింది, రోమన్ లిపిలో ఉంటుంది, కథ చెప్పదు. ఆంధ్రభారతి సైట్లో బ్రౌణ్యం (సి.పి.బ్రౌన్ నిఘంటువు) సహా చాలా నిఘంటువులు ఒకే చోట వెతుక్కోవచ్చు, అర్థాలకి దాన్ని మించింది నాకు కనబడలేదు. ఒక తెలుగు మాట మొదట ఏ శాసనంలో, ఏ కావ్యంలో కనిపించింది, తర్వాత అర్థం ఎలా మారింది అని హార్పర్ రాసినట్టు మామూలు భాషలో, తారీఖులతో చెప్పే చోటు మాత్రం ఇంకా కట్టాల్సి ఉంది. శాసనాలు చదవగలిగినవాళ్లూ, కంప్యూటర్ తెలిసినవాళ్లూ మనలో చాలామందే ఉన్నారు. ఎవరైనా పూనుకుంటే పందికొక్కు ఎంట్రీ నేను రాసిస్తాను.